చార్జి యెక్కని స్కేట్‌బోర్డు

నాలుగు చక్రములు గల పలకమీద నిలుచుండి పిల్లలు వీధులలో జారిపోవుట మీరు చూచియే యుందురు. ఆ పలక క్రింద బ్యాటరీయు మోటారును అమర్చినచో అది విద్యుత్ స్కేట్‌బోర్డగును. కాలితో నేలను తన్నుకొన నవసరము లేదు; చేతిలోని చిన్న రిమోటుతో నడుపవచ్చును. మా చిన్నవానికి అట్టిదొకటి కలదు. విశాఖపట్నపు సముద్రతీరమున ఉదయపువేళ దానిపై తిరుగుట వానికి ప్రాణము. ఇంటర్మీడియెటు పరీక్షలు ముగియువఱకు నేను దానిని అటకమీద పెట్టించితిని. అయిదు నెలలు గడచినవి. పరీక్షలు ముగిసిన సాయంకాలమే వాడు దానిని దించి చార్జరు తగిలించి నిద్రపోయెను. తెల్లవారి చూడగా పలకలో చలనము లేదు.

“అమ్మా, నీవు అటకమీద పెట్టించుటచేతనే యిట్లయినది” అని వాడు నామీద నింద మోపెను. అందు కొంత నిజము కలదని తరువాత తేలినది. ఆ నాలుగు దినములలో నేను నేర్చుకొన్న సంగతులు మీకును పనికివచ్చునని వ్రాయుచున్నాను. మీ యింట స్కేట్‌బోర్డు లేకపోవచ్చును. విద్యుత్ సైకిలో స్కూటరో యుండవచ్చును. వానిలో పెక్కింటియందు నుండునది యీ జాతి బ్యాటరీయే. దానిని లిథియం-అయాన్ బ్యాటరీ యందురు.

మొదట చూడవలసినది పలకను కాదు, గోడను. చార్జరు తగిలించిన ప్లగ్గులోనే ఒక బల్లదీపమును పెట్టి చూడవలెను. దీపము వెలిగినచో కరెంటు వచ్చుచున్నట్లే. ఇంత చిన్నపని చేయక దుకాణమునకు పరుగెత్తినవారిని నేనెఱుగుదును.

పిమ్మట చార్జరుపై నుండు దీపము. సాధారణముగ ఖాళీ బ్యాటరీకి తగిలించినప్పుడు అది ఎఱ్ఱగా వెలిగి, నిండిన తరువాత పచ్చగా మారును. అసలే వెలుగకున్నచో చార్జరు చెడినదని అనుమానింపవలెను. ఎఱుపు పచ్చగాను పచ్చ యెఱుపుగాను మినుకుమినుకుమనుచున్నచో ఎక్కడనో కూర్పు వదులైనది. తగిలించిన క్షణముననే పచ్చగా వెలిగినచో అది బ్యాటరీ నిండిన గుర్తు కావచ్చును, లేక కరెంటు లోనికి పోవుటలేదను గుర్తు కావచ్చును. మావాని చార్జరు పచ్చగా వెలిగినది. వాడు మొదటి యర్థమును గ్రహించి హాయిగా నిద్రపోయెను.

తరువాత పలకకు గల చార్జింగు రంధ్రమును చూచితిమి. సముద్రపు గాలి ఇత్తడిని బ్రతుకనీయదు గదా! లోనిసూదిపై పచ్చని చిలుము పట్టియున్నది. నేను వంటయింటినుండి వచ్చునంతలో వాడు నా తలపిన్నును తీసికొని దానిని గీకుచుండెను. చిటుక్కున నిప్పురవ్వ లేచినది. పిన్ను కొన నల్లబడినది. ఇనుపవస్తువు రెండు కొసలను కలిపినచో బ్యాటరీలో మిగిలిన శక్తి యంతయు ఒక్కమారుగ దానిగుండా పరుగెత్తును. కావున ఆ రంధ్రములో పిన్నులు, సూదులు, కత్తెరమొనలు పెట్టరాదు. పలకను ఆపి, పొడి పంటిపుల్లతో దుమ్ము తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి పిండిన సన్నని దూదిపుల్లతో తుడిచి, బాగుగ ఆరిన పిదపనే చార్జరు తగిలింపవలెను. మేమును అట్లే చేసితిమి. పచ్చదీపము పచ్చగానే యుండెను.

ప్రక్కయింటి అన్నగారు తమ మల్టీమీటరు తెచ్చి చార్జరును పరీక్షించిరి. దానిపై 42 వోల్టులని వ్రాసియున్నది. మీటరును 42 చూపెను. చార్జరునకు దోషము లేదన్నమాట. (కొన్ని చార్జర్లు బ్యాటరీకి తగిలించిననే గాని వోల్టు నీయవట, అట్టివానిని సున్న చూపినంతమాత్రమున చెడినవని పాఱవేయరాదు.)

ఇంతలో మావాడు వారింటి విద్యుత్ సైకిలు చార్జరును పట్టుకొని వచ్చెను. దాని కొన మా పలకకు సరిగ్గా అమరినది. నేను దానిపై వ్రాత చదివితిని: 54.6 వోల్టులు. ఆ కొస నా చేతిలోనికి లాగుకొంటిని. మన యిండ్లలో చార్జర్లు సొరుగులు నిండ ఉన్నవి. కొస అమరినంతమాత్రమున అది దాని జోడు కాదు. పలకలోని బ్యాటరీ పది సెల్లులను వరుసగ కలిపి కట్టినది. ఒక్కొక్క సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు, మొత్తము 42. అంతకుమించి నెట్టినచో సెల్లు వేడెక్కి మండవచ్చును.

కట్టకడపట పలకను మరమ్మతుచేయు నొకరి దుకాణమునకు తీసికొనిపోయితిమి. ఆయన అడుగుమూత విప్పి, తీగలను కొలిచి, “అమ్మగారూ, బ్యాటరీలో పందొమ్మిది వోల్టులే యున్నవి” అనెను. పది సెల్లులకు పంచినచో తలకు రెండు వోల్టులైనను లేవు. రెండున్నర, మూడు వోల్టుల మధ్యనే యీ సెల్లులకు అడుగు. లోపల బ్యాటరీ మేనేజిమెంటు సిస్టమ్, సంక్షేపముగ బి.ఎం.ఎస్., అను నొక చిన్న పలక యుండును. అది ద్వారపాలకుని వంటిది. సెల్లులు మిక్కిలి వేడెక్కినను, మిక్కిలి నీరసించినను తలుపు మూసివేయును. శీతదేశములలోని మనవారి పిల్లలకు చలికాలమున ఈ చిక్కు మఱియొక విధముగ వచ్చును. గడ్డకట్టు చలిలో నున్న బ్యాటరీని కొన్ని బి.ఎం.ఎస్.లు చార్జి కానీయవు. అట్టిదానిని ఇంటిలోనికి తెచ్చి, దానంతట అది వెచ్చబడువఱకు వేచియున్నచో చాలును. మా పలక సంగతి అది కాదు. వాడు ఇంచుమించు ఖాళీగానే అటక యెక్కించిన బ్యాటరీని ఆ బి.ఎం.ఎస్. అయిదు నెలలు కొంచెము కొంచెముగ త్రాగినది. బ్యాటరీయు తనంతట తాను కొంత క్షీణించినది.

ఇంటికి రాగానే మావాడు క్రొత్త ఉపాయము కనిపెట్టెను. బి.ఎం.ఎస్.ను తప్పించి, తీగలను నేరుగ సెల్లులకు తగిలించి కొంతసేపు కరెంటు పంపినచో అవి మేల్కొనునని ఎవరో చెప్పిరట. క్రొత్త బ్యాటరీ ధర పలక ధరలో సగమునకు దగ్గఱగా నున్నది. నాకును ఒక్కక్షణము ఆశ పుట్టినది; దాచనేల? సంసారపు లెక్కలు మీకు తెలియనివి కావు. దుకాణదారునికే ఫోను చేసి అడిగితిని.

ఆయన చెప్పినదిది. సెల్లు లోపల ఋణధ్రువమునకు సన్నని రాగిరేకు ఉండును. వోల్టు మిక్కిలి పడిపోయినచో ఆ రాగి లోని ద్రవములో కరగిపోవును. మరల చార్జి చేయునప్పుడు ఆ రాగి వేఱొకచోట పేరుకొని, రెండు ధ్రువములను వేఱుచేయు పలుచని పొరను ఛేదింపవచ్చును. అప్పుడు సెల్లు తనలో తానే అంటుకొని మండును. దాని వేడికి ప్రక్క సెల్లును అంటుకొనును. ఆ దినమే కానక్కఱలేదు; వారము తరువాత, అందఱును నిద్రించు వేళ కావచ్చును.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక యింట చార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి గృహస్థు మరణించెను, కుటుంబమువారు గాయపడిరి. అమెరికాలో 2016వ సంవత్సరమున ఇట్టి బ్యాటరీలుగల హోవర్‌బోర్డులను అయిదు లక్షలకు పైగా వెనుకకు తీసికొనిరి. ఈ రెండు సంగతులును మావానికి చెప్పితిని. వాడు మాఱుమాటాడక తీగలను సొరుగులో పెట్టెను గాని, రెండు దినములు నాతో సరిగ మాటాడలేదు.

బ్యాటరీ ఉబ్బినను, బుస్సుమను చప్పుడైనను, తియ్యని రసాయనపు వాసన వచ్చినను దానిని ముట్టరాదు. పిల్లలతో బయటికి పోయి, తలుపు మూసి, 101కి ఫోను చేయవలెను. చెడిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయరాదు. చెత్తబండిలో నలిగినను నిప్పు పుట్టును. 2022నాటి కేంద్రప్రభుత్వ నియమములచే పాతవానిని సేకరించు బాధ్యత తయారుచేయువారిది. మేము తీగకొసలకు టేపు చుట్టి దుకాణమునకే అప్పగించితిమి.

క్రొత్త బ్యాటరీకి వాని పుట్టినరోజు బట్టల సొమ్ము కొంత, నా చీటీ సొమ్ము కొంత పోయినది. ఇప్పుడు పడకగదిలో గాని గుమ్మమునకు అడ్డముగ గాని చార్జింగు లేదు. వరండాలో, గచ్చుమీద, మేము మేలుకొనియున్న వేళనే. తిరిగి వచ్చిన వెంటనే కాక, పలక చల్లబడిన పిదపనే. కొంతకాలము వాడనిచో సగము నింపి యుంచి, నెలకొకమారు చూచుట.

మొదటిమారు తగిలించినప్పుడు ఎఱ్ఱదీపము వెలిగెను. వాడు గడియారము చూచి, వంటయింటి క్యాలెండరుమీద వేళ వ్రాసికొనెను. నా తలపిన్ను మాత్రము నల్లబడిన కొనతోనే ఉన్నది.