‘నాగ్’ క్షిపణికి కవచ వాహనం: ‘నామికా’ ఎందుకు అవసరమైంది, ఎందుకు ఆలస్యమైంది

గొలుసు చక్రాల కవచ వాహనం నుంచి ప్రయోగించే ‘నాగ్’ ట్యాంకు విధ్వంసక క్షిపణి వ్యవస్థ కొనుగోలుకు రక్షణ మంత్రిత్వ శాఖ 2025 మార్చి 27న ఆర్మర్డ్ వెహికల్ నిగమ్ లిమిటెడ్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. దాని విలువ 1,801.34 కోట్ల రూపాయలు. క్షిపణి రూపుదిద్దుకున్నది హైదరాబాద్‌లో. దానిని మోసే వాహనాన్ని తయారు చేసే బాధ్యత మెదక్ ఆయుధ కర్మాగారంగా పేరొందిన ఎద్దుమైలారం కర్మాగారానిది. అది నేటి సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఈ రెండు చోట్ల మధ్య ప్రయాణం కొద్ది గంటలకు మించదు. అయినా 1983లో మొదలైన ఆలోచన ఈ ఒప్పందం వరకు రావడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

ట్యాంకును ఎదుర్కోవడానికి మరో ట్యాంకు కావాలన్నది పాత లెక్క. దళసరి ఉక్కును ఛేదించాలంటే భారీ ఫిరంగి కావాలి, ఆ ఫిరంగిని మోయడానికి అంతే భారీ వాహనం కావాలి. క్షిపణి రాకతో ఆ లెక్క తారుమారైంది. క్షిపణి తన ఇంధనాన్ని తానే మోసుకుపోతుంది, ప్రయోగించే గొట్టంపై పెద్దగా ఒత్తిడి పడదు. కాబట్టి తేలికపాటి వాహనం కూడా ట్యాంకును కూల్చగలదు. 1950వ దశకంలో ఫ్రాన్స్ రూపొందించిన ఎస్ఎస్-10 ఈ తరహాలో సైన్యం చేతికందిన తొలి ఆయుధం. వెనుక సన్నని తీగ విప్పుకుంటూ అది ఎగురుతుంటే, సైనికుడు చేతిలోని మీటతో దానిని లక్ష్యం వైపు నడిపేవాడు.

అసలు చిక్కు ఆ సైనికుడి భద్రతలోనే ఉంది. సోవియట్ ‘మాల్యుత్కా’ క్షిపణి సెకనుకు సుమారు 120 మీటర్ల వేగంతో పోయేది. మూడు కిలోమీటర్ల దూరంలోని ట్యాంకును తాకడానికి దానికి దాదాపు 25 సెకన్లు కావాలి. అంతసేపూ సైనికుడు కదలకుండా, చూపు తిప్పకుండా ఉండాలి. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో ఈజిప్టు సైనికులు ఈ క్షిపణులతో ఇజ్రాయెల్ ట్యాంకులను కలవరపెట్టారు. కొద్ది రోజుల్లోనే ఇజ్రాయెల్ విరుగుడు కనిపెట్టింది. క్షిపణి వచ్చిన దిక్కుకు ఫిరంగి గుళ్లు, మెషిన్‌గన్ తూటాలు కురిపిస్తే, నడిపేవాడి చేయి వణికినా చాలు, క్షిపణి దారి తప్పుతుంది.

అందుకే క్షిపణికి కాక, దానిని నడిపేవారికి కవచం అవసరమైంది. సోవియట్ యూనియన్ తన బీఆర్‌డీఎం చక్రాల వాహనాలకు, పశ్చిమ జర్మనీ తన ‘యాగ్వార్’ శ్రేణి వాహనాలకు క్షిపణులను అమర్చాయి. అమెరికా మరో అడుగు వేసింది. ఎం-901 వాహనంలో క్షిపణి గొట్టాలను, గురిచూసే అద్దాలను పైకి లేచే చేతికి బిగించింది. వాహనం దిబ్బ చాటున నిలిచి, ఆ చేతిని మాత్రం పైకెత్తి కాల్చగలదు. నేటి నామికాలోనూ ఈ ఏర్పాటు కనిపిస్తుంది.

1983లో ఎ.పి.జె. అబ్దుల్ కలాం సారథ్యంలో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ కేంద్రంగా సమీకృత గైడెడ్ క్షిపణి అభివృద్ధి కార్యక్రమం ప్రారంభమైంది. పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్‌తో పాటు అందులో నాగ్ ఐదవది. అప్పటికి ప్రపంచ సైన్యాల్లో అధిక భాగం తీగ క్షిపణులతోనే ఉండగా, మన శాస్త్రవేత్తలు ఒక్కసారిగా మూడో తరానికి గురిపెట్టారు. ప్రయోగించాక ఇక నడపనక్కరలేని క్షిపణి అది. ముక్కులోని పరారుణ కన్ను లక్ష్యపు ఉష్ణ చిత్రాన్ని ముందే పట్టుకుంటుంది, గన్నర్ దానిని ఖరారు చేస్తాడు. తరువాత క్షిపణి పైకి లేచి, కవచం పలుచగా ఉండే ట్యాంకు పైభాగంపై పడుతుంది. దాని వార్‌హెడ్‌లో ఒకదాని వెనుక ఒకటిగా రెండు పేలుడు భాగాలుంటాయి. మొదటిది ట్యాంకుపై అదనంగా అమర్చిన పేలుడు పలకలను తొలగిస్తే, రెండవది అసలు ఉక్కును ఛేదిస్తుంది.

తొలి పరీక్ష 1990 నవంబరులో జరిగింది. ఎగరడం పెద్ద సమస్య కాలేదు, చూడటమే సమస్య అయింది. రాజస్థాన్ వేసవిలో మధ్యాహ్నానికి ఇసుక, రాళ్లు, ట్యాంకు ఉక్కు దాదాపు ఒకే వేడికి చేరుకుంటాయి. ఉష్ణోగ్రతల తేడాను బట్టి లక్ష్యాన్ని గుర్తించే కన్నుకు అప్పుడు ట్యాంకు పరిసరాల్లో కలిసిపోతుంది. శీతాకాలపు ఉదయాన నాలుగు కిలోమీటర్ల దూరం చూడగలిగిన పరికరం ఎండలో అంత దూరం చూడలేకపోయింది. మన సైన్యం ట్యాంకు పోరుకు సిద్ధపడేది ప్రధానంగా ఆ ఎడారిలోనే. కాబట్టి ఈ లోపాన్ని చిన్నదిగా కొట్టిపారేయడానికి వీలులేదు. మరింత సూక్ష్మమైన పరారుణ గ్రాహకాలతో హైదరాబాద్ శాస్త్రవేత్తలు సీకర్‌ను మెరుగుపరచవలసి వచ్చింది.

వాహనం కథ వేరు. రష్యా లైసెన్సుతో ఎద్దుమైలారంలో తయారయ్యే బీఎంపీ-2 ‘శరత్’ పదాతి పోరు వాహనాన్నే మార్చి నామికాను రూపొందించారు. పన్నెండు క్షిపణులను మోస్తుంది, ఆరు ప్రయోగానికి సిద్ధంగా ఉంటాయి. నీటిని ఈదుతూ దాటగలదు. తూటాలకు, గుళ్ల తునకలకు తట్టుకునే కవచమే దానిది, ట్యాంకు గుండుకు నిలవదు. చాటున ఉండి కాల్చి, వెంటనే చోటు మారడమే దానికి రక్ష. 2010లో 443 క్షిపణులు, 13 వాహనాల కొనుగోలుకు అనుమతి లభించినా, సైన్యం వాహనంలో మార్పులు కోరడంతో వ్యవహారం మళ్లీ మొదటికొచ్చింది. కోరిక అన్యాయమైనది కాకపోవచ్చు. కానీ క్షిపణి ఖరారైతే వాహనం, వాహనం ఖరారైతే క్షిపణి మారుతూ పోవడం వల్లనే ఏళ్లు గడిచాయని చెప్పక తప్పదు. ఈలోగా సైన్యం హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ లైసెన్సుపై తయారుచేసే ‘మిలన్’, ‘కోంకుర్స్’ వంటి రెండో తరం క్షిపణులపైనే ప్రధానంగా ఆధారపడింది. ఇజ్రాయెల్ ‘స్పైక్’ క్షిపణులను 2019లో అత్యవసరంగా కొనుగోలు చేసింది.

రక్షణ కొనుగోళ్ల మండలి 2018 ఏప్రిల్‌లో 524 కోట్ల రూపాయల వ్యయానికి సమ్మతించింది. 2019 జులైలో పోఖ్రాన్‌లో వేసవి పరీక్షలు జరిగాయి. 2020 అక్టోబరు 22 ఉదయం 6.45 గంటలకు అసలు వార్‌హెడ్‌తో నామికా నుంచి తుది పరీక్ష నిర్వహించారు. క్షిపణిని భారత్ డైనమిక్స్, వాహనాన్ని మెదక్ కర్మాగారం తయారు చేస్తాయని ప్రభుత్వం ఆనాడే ప్రకటించింది. ఆ కర్మాగారం 2021 అక్టోబరులో ఆర్మర్డ్ వెహికల్ నిగమ్‌లో భాగమైంది. 2025 జనవరిలో నాగ్ మార్క్-2 మూడు క్షేత్ర పరీక్షల్లోనూ లక్ష్యాలను ఛేదించింది. నామికా రెండో రూపాన్ని కూడా అప్పుడే పరీక్షించారు.

యుద్ధరంగం మాత్రం ఆగి ఎదురుచూడలేదు. ఉక్రెయిన్‌లో చవకైన డ్రోన్లు ట్యాంకులనూ, చాటున నిలిచిన వాహనాలనూ పైనుంచే పట్టుకుంటున్నాయి. దిబ్బ వెనుక నిలిచిన వాహనం ఎదుటి ట్యాంకుకు కనిపించకపోవచ్చు, ఆకాశంలోని కెమెరాకు కనిపిస్తుంది. నామికా బలమంతా కనిపించకుండా కాల్చడంలో ఉంది కాబట్టి, పైనుంచి చూసే కంటి నుంచి దానిని ఎలా కప్పుతారన్నది ఎద్దుమైలారం ఇంజినీర్ల ముందున్న తదుపరి పని.