ఖజానాకు కష్టకాలము వచ్చినపుడు పింఛను ఏమగును?

పింఛను సొమ్ముపై ఆధారపడి కాలము గడుపుచున్న వృద్ధులు లేని వీథి మన గ్రామములలో అరుదు. “ప్రభుత్వమువద్ద డబ్బు లేదట, వచ్చే నెల పింఛను ఇవ్వరట” అను మాట ఒకమారు రచ్చబండ వద్ద పుట్టినచో సాయంకాలమునకు ఊరంతయు పాకును. మందుల కొట్టులో బాకీ ఉన్న ముసలమ్మకును, మనుమని చదువునకు డబ్బిచ్చెదనని మాట ఇచ్చిన విశ్రాంత ఉపాధ్యాయునికిని ఆ రాత్రి నిద్ర పట్టదు. మరునాడు వారు వచ్చి అడుగునది పంచాయతీ సభ్యునినే. “భయమేమియు లేదు, పొండు” అని చెప్పుట తేలిక. “ఏమో, పైవారికే తెలియవలెను” అనుట ఇంకను తేలిక. ఈ రెండును సరియైన సమాధానములు కావు. ఆర్థిక సంకటము వచ్చినపుడు పింఛనులకు ఏమి జరుగునో చెప్పుటకు తగిన అనుభవము మన రాష్ట్రములలోను, ఇతర దేశములలోను కలదు. దానిని తెలిసికొన్న సభ్యుడు అడిగినవారికి నిజము చెప్పగలడు. నిజము చెప్పినచో సగము కలవరము తీరును.

పింఛనులన్నియు ఒకటి కావు

అడుగుచున్నవారిది ఏ పింఛనో ముందుగా తెలిసికొనవలెను. గ్రామములలో సాధారణముగా మూడు విధములైన పింఛనులు కనబడును.

మొదటిది ఉద్యోగ విరమణ పింఛను. ఉపాధ్యాయులుగను, గుమాస్తాలుగను, పోలీసులుగను ప్రభుత్వమువద్ద పనిచేసి విరమించినవారికి ఇది లభించును. ఇది వారు చేసిన సేవకు ప్రతిఫలము. ప్రభుత్వము దయతలచి ఇచ్చు దానము కాదనియు, ఉద్యోగి కష్టపడి గడించుకొన్న హక్కనియు సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17వ తేదీన నకారా కేసులో స్పష్టపరచెను. చట్టము యొక్క ఆధారము లేకుండ ఎవరి ఆస్తిని తీసికొనరాదని రాజ్యాంగములోని 300-ఏ అధికరణము చెప్పుచున్నది. పింఛనుకు గూడ ఆ రక్షణ కలదని 2013లో జార్ఖండ్ రాష్ట్రమునకు సంబంధించిన కేసులో అదే న్యాయస్థానము తీర్పు చెప్పెను.

రెండవది చందాపై వచ్చు పింఛను. మిల్లులలోను, ఫ్యాక్టరీలలోను పనిచేసినవారికి 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకము క్రింద ప్రావిడెంటు ఫండు సంస్థ దీనిని చెల్లించును. ఇది యజమాని కట్టిన చందాతోను, కేంద్ర ప్రభుత్వము కలిపిన భాగముతోను ఏర్పడిన నిధి నుండి వచ్చును. కావున రాష్ట్ర ఖజానాలోని ఇబ్బందికిని దీనికిని నేరుగా సంబంధము లేదు.

మూడవది సామాజిక భద్రతా పింఛను. పేదలైన వృద్ధులకు, వితంతువులకు, దివ్యాంగులకు ఇది లభించును. వార్ధక్యమునందు ప్రజలకు సహాయము చేయవలెనని రాజ్యాంగములోని 41వ అధికరణము ఆదేశించుచున్నది; అయితే రాజ్యము యొక్క ఆర్థికశక్తి పరిమితికి లోబడి అని కూడ అదే అధికరణము చెప్పుచున్నది. కావున ఈ పింఛను ఏటేటి బడ్జెటు కేటాయింపుపైనను, ప్రభుత్వ ఉత్తరువులపైనను ఆధారపడియుండును.

2020లో మన రాష్ట్రములలో జరిగినది

ఖజానా కష్టము అనగా ఏమో 2020 సంవత్సరము మనకు చూపినది. కోవిడ్ వ్యాధి కారణముగా ఆ సంవత్సరము మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌను అమలు జరిగెను. దుకాణములు మూతపడుటచే అమ్మకపు పన్నులు రాలేదు. రిజిస్ట్రేషనులు లేవు, వాహనముల కొనుగోలు లేదు, మద్యము దుకాణములు మే నెలవరకు తెరువబడలేదు. రాష్ట్ర ప్రభుత్వము నోట్లు అచ్చువేసికొనలేదు. అప్పు చేయుటకును హద్దు ఉన్నది. రాబడి నిలిచినను జీతములు, పింఛనులు, అప్పులపై వడ్డీ నెలనెల చెల్లింపక తప్పదు.

ఈ స్థితిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మార్చి 31న ఒక ఉత్తరువు జారీచేసి, ఉద్యోగుల జీతములలోను, విశ్రాంత ఉద్యోగుల పింఛనులోను కొంత భాగమును వాయిదా వేసెను. పింఛనుదారులకు సగము నిలిచినది. తెలంగాణలో కూడ మొదట సగము నిలిపి, తరువాత ఆ భాగమును తగ్గించిరి. జూన్ నెలలో ఇట్టి వాయిదాకు అధికారము కల్పించుచు ఆర్డినెన్సు జారీ అయ్యెను.

ఆంధ్రప్రదేశ్ ఉత్తరువుపై హైకోర్టులో వ్యాజ్యము వచ్చెను. వాయిదా వేసిన జీతములను, 2020 మార్చి నెల పింఛనులో నిలిచిన భాగమును 12 శాతము వడ్డీతో చెల్లింపవలసినదని హైకోర్టు ఆ సంవత్సరము ఆగస్టులో తీర్పు చెప్పెను. రాష్ట్ర ప్రభుత్వము అసలు విషయమును కాదనక, వడ్డీని గురించి మాత్రమే సుప్రీంకోర్టుకు పోయెను. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతమునకు తగ్గించెను. ప్రభుత్వము కష్టకాలములో సద్భావముతోనే ఆ నిర్ణయము చేసినదని గుర్తించుచునే, జీతమును పింఛనును న్యాయముగా రావలసిన సొమ్మని న్యాయస్థానము మరల చెప్పెను.

ఒక ఉదాహరణముతో చూతము. ఒకరికి నెలకు 20,000 రూపాయల పింఛను అనుకొందము. అందు 10,000 రూపాయలు పది నెలలు నిలిచినచో, ఏడాదికి 6 శాతము చొప్పున 500 రూపాయల వడ్డీ వచ్చును. వడ్డీ చిన్నదే. కాని నిలిచిన 10,000 రూపాయలు పోయిన సొమ్ము కాదు, ప్రభుత్వముపై ఉన్న బాకీ అని దాని అర్థము.

ఇక సామాజిక పింఛనుల సంగతి చూడుడు. అదే 2020 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు 2,250 రూపాయల పింఛను ఇండ్లవద్దనే అందజేయబడెను. కేంద్ర ప్రభుత్వము కూడ పేద వృద్ధులకు, వితంతువులకు, దివ్యాంగులకు రెండు వాయిదాలలో 1,000 రూపాయలు అదనముగా ప్రకటించెను. చట్టరీత్యా గట్టి హక్కు గల విశ్రాంత ఉద్యోగికి సగము ఆగినది. బడ్జెటుపై ఆధారపడిన పేదవృద్ధునికి పూర్తిగా అందినది. హక్కు ఉండుట ఒకటి, ఒకటవ తేదీన సొమ్ము చేతికి చేరుట మరియొకటి. హక్కు గలవాడు ఆలస్యమైనను వసూలు చేసికొనగలడు. హక్కు పలుచనైనవానికి ప్రభుత్వము యొక్క సంకల్పమును, ప్రజల శ్రద్ధయుమే అండ.

నాలుగు విధముల నష్టము

“పింఛను పోవుట” అను ఒక్క మాటలో నాలుగు వేరువేరు విషయములు ఇమిడియున్నవి. వీనిని కలగాపులగము చేయుట వలననే వదంతులు పుట్టుచున్నవి.

మొదటిది వాయిదా. పైన చెప్పిన 2020 నాటి నిర్ణయము ఇట్టిదే. ఇబ్బంది కలుగును గాని సొమ్ము తిరిగి వచ్చును.

రెండవది స్తంభన. పింఛను తగ్గదు, కాని పెరుగవలసినది పెరుగదు. కేంద్ర ప్రభుత్వము తన ఉద్యోగుల కరవు భత్యమును, పింఛనుదారులకు అదేవిధముగా ఇచ్చు కరవు సహాయమును 2020 జనవరి నుండి 2021 జూన్ వరకు 18 నెలలపాటు 17 శాతము వద్దనే నిలిపివేసెను. 2021 జూలైలో అది 28 శాతమునకు పెరిగెను గాని నడిమి కాలపు బకాయి ఇవ్వబడలేదు. వాయిదాకును దీనికిని గల భేదమును విశ్రాంత ఉద్యోగులకు వివరించి చెప్పవలెను.

మూడవది ఉత్తరువుచేతగాని చట్టముచేతగాని తగ్గింపు. దీనికి గ్రీసు దేశము ఉదాహరణము. అప్పుల భారముతో క్రుంగిన ఆ దేశము 2010 మే నెలలో ఐరోపా దేశముల నుండియు, అంతర్జాతీయ ద్రవ్యనిధి నుండియు 11,000 కోట్ల యూరోల ఋణమునకు ఒడంబడిక చేసికొనెను. షరతులలో పింఛనుల కోత ఒకటి. పండుగలకు, వేసవికి ఇచ్చుచుండిన అదనపు పింఛనులు మొదట తగ్గినవి, పిదప తొలగిపోయినవి. నెలసరి పింఛనులు పలుమార్లు కత్తిరింపబడినవి. 2015 జూన్ చివర బ్యాంకులు మూతపడగా, కార్డులు లేని వృద్ధుల కొరకు కొన్ని శాఖలు మాత్రము తెరచి వారమునకు 120 యూరోల చొప్పున ఇచ్చిరి. 2012 నాటి కోతలు రాజ్యాంగవిరుద్ధమని ఆ దేశపు ఉన్నత పరిపాలనా న్యాయస్థానము 2015లో తీర్పు చెప్పెను. కాని అప్పటికే వృద్ధులు మూడేండ్లు ఆ కోతలతో జీవించిరి. విదేశీ ఋణదాతల షరతులకు లోబడిన దేశమునందు వృద్ధుని పింఛను గూడ తెగవచ్చునని దీనివలన తెలియుచున్నది. మన రాజ్యాంగములో ఆర్థిక అత్యవసర పరిస్థితిని గూర్చిన 360వ అధికరణము కలదు. దానిక్రింద ప్రభుత్వోద్యోగుల జీతభత్యములను తగ్గింపవచ్చును. అట్టి ప్రకటన మన దేశములో ఎన్నడును జరుగలేదు.

నాలుగవది ధరలు తినివేయుట. ఇది ఉత్తరువు లేకుండ జరుగును గనుక ఎవరికిని కనబడదు. జాతీయ వృద్ధాప్య పింఛను 1995 ఆగస్టు 15న 75 రూపాయలతో మొదలయ్యెను. 2006లో కేంద్రము తన భాగమును 200 రూపాయలు చేసెను. 2011లో అర్హత వయస్సు 65 నుండి 60కి తగ్గించి, 80 ఏండ్లు దాటినవారికి 500 రూపాయలు నిర్ణయించిరి. అటుపిమ్మట పది సంవత్సరములకు పైగా ఆ మొత్తము మారలేదు. ధరలు ఏటికి 5 శాతము పెరిగినచో సుమారు 14 ఏండ్లలో రెట్టింపగును. అనగా 200 రూపాయలకు 100 రూపాయల సరుకే వచ్చును. ఈ లోటును రాష్ట్రములే పూడ్చుచు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2014లో 1,000 రూపాయలు, 2019 జూలైలో 2,250, 2024 జూలైలో 4,000 అయినది. తెలంగాణలో 2014లో 1,000, 2019లో 2,016 రూపాయలయ్యెను. ప్రావిడెంటు ఫండు పింఛనుకు కనిష్ఠము 2014 సెప్టెంబరులో 1,000 రూపాయలుగా నిర్ణయింపబడెను. నిర్ణయించినపుడు చాలిన మొత్తము పదేండ్ల తరువాత చాలదని ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు.

పంచాయతీ సభ్యులు చేయదగినది

ఖజానాను నింపుట పంచాయతీ సభ్యుని చేతిలో లేదు. కాని తన గ్రామములో అర్హుడైన వృద్ధుడు అకారణముగా నష్టపడకుండ చూచుట అతని చేతిలో చాలవరకు ఉన్నది.

ఒకటి: వదంతి వచ్చినపుడు ఉత్తరువు ప్రతిని తెప్పించి చదువవలెను. అందు మూడు సంగతులు చూడవలెను: ఏ పింఛనును గూర్చినది, ఏ నెలలకు వర్తించునది, “వాయిదా” అని ఉన్నదా “తగ్గింపు” అని ఉన్నదా. ఈ మూడును చదివి చెప్పినచో చాలును. ఉత్తరువు లేనిచో లేదనియే చెప్పవలెను.

రెండు: కాగితములు సరిగా ఉన్నవో లేవో చూడవలెను. కష్టకాలములో లెక్కల తనిఖీ గట్టిపడును. అపుడు పేరులో అక్షరము తేడా వలన, వేలిముద్ర పడకపోవుట వలన, బ్యాంకు ఖాతా జతపడకపోవుట వలన అర్హుల పేర్లును తొలగవచ్చును. విశ్రాంత ఉద్యోగులు ఏటేట జీవించియున్నట్లు ధ్రువపత్రము ఇయ్యవలెను. మంచము పట్టినవారి విషయములో ఇంటికి పోయి దానిని పూర్తి చేయించు ఏర్పాటు చూడవలెను.

మూడు: పింఛనుదారుల జాబితాను గ్రామసభలో బిగ్గరగా చదివింపవలెను. చనిపోయినవారి పేరిట సొమ్ము పోవుచున్నచో ఆపించుటయు, అర్హుని పేరు తొలగినచో కారణమును వ్రాతమూలకముగా అడుగుటయు రెండును సభ్యుని బాధ్యతలే. అనర్హునకు పోవు ప్రతి రూపాయియు కష్టకాలములో అర్హుని నోటినుండి తీసినదే యగును. కారణము సరికాదని తోచినచో మండల పరిషత్ అభివృద్ధి అధికారికి అర్జీ పంపి, దాని నకలును, చేరినట్లు రసీదును భద్రపరుపవలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల తెగలవారికి, దివ్యాంగులకు 1987 నాటి చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము కలదని తెలియజెప్పవలెను.

నాలుగు: మోసగాండ్రను గూర్చి హెచ్చరింపవలెను. “మీ పింఛను ఆగిపోవుచున్నది, ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పుడు” అని అడుగువారు ఇట్టి సమయములందే విజృంభింతురు. ఏ ప్రభుత్వోద్యోగియు ఫోనులో ఆ అంకెలు అడుగడు.

ఐదు: సొమ్ము నిజముగనే ఒక నెల ఆగినచో వృద్ధులు అధికవడ్డీకి అప్పుచేయకుండ చూడవలెను. రేషను అందుచున్నదా, మందులు ఆరోగ్య కేంద్రములో దొరకునా అని ఇల్లిల్లు విచారించుట ఒక పూట పని. పోషింపగల బిడ్డలుండియు చూడనివారి విషయములో 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము క్రింద రెవిన్యూ డివిజనల్ అధికారికి దరఖాస్తు చేసికొనవచ్చును.

రాష్ట్రమునకు రాబడి తగ్గు సంవత్సరములు ఇకముందును రావచ్చును. అపుడు ఏమి వాయిదా పడునో, ఏమి నిలుచునో నేడు ఎవరును చెప్పజాలరు. కాని తన పింఛను ఏ విధమైనదో తెలిసి, కాగితములు చేతనుంచుకొని, రావలసిన బాకీ లెక్క వ్రాసికొన్న వృద్ధుడు నిస్సహాయుడు కాడు. మీ గ్రామములో పింఛను తీసికొనువారెందరు, ఏ ఏ విధముల వారెందరు అను లెక్క మీ పంచాయతీ కార్యాలయములో ఉన్నదా? లేనిచో రానున్న గ్రామసభకు ముందే దానిని సిద్ధపరుపుడు. కష్టకాలము వచ్చిన తరువాత ఆ లెక్క తీయుటకు తీరిక ఉండదు.