రెండేళ్ల వాన లెక్కలను ఒకే ఫైలుగా కలపడం

ఫైలును తెరవడం, నకలు తీయడం, పేరు మార్చడం వంటి పనులను ఆదేశాలు టైపు చేసి ఎలా చేయాలో మీరు ఇంతవరకు నేర్చుకున్నారు. ఇప్పుడు రెండు ఫైళ్లను ఒకటిగా కలపడం చూద్దాం. ఉత్తరాల వంటి మామూలు ఫైళ్లయితే ఒకదాని కింద మరొకటి చేర్చితే సరిపోతుంది. వాన లెక్కల ఫైళ్లు అలా కలవవు. కారణం వాటి లోపలి అమరికలో ఉంది.

భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని గడుల రూపంలో అందిస్తోంది. దేశపటం మీద పావు డిగ్రీకి ఒకటి చొప్పున గీతలు గీసినట్లు ఊహించుకోండి. ఉత్తర అక్షాంశం 6.5 నుంచి 38.5 డిగ్రీల వరకు 129 అడ్డగీతలు, తూర్పు రేఖాంశం 66.5 నుంచి 100 డిగ్రీల వరకు 135 నిలువుగీతలు వస్తాయి. గీతలు కలిసే ప్రతి చోటికీ ఒక అంకె ఉంటుంది. అంటే రోజుకు 17,415 అంకెలు. సముద్రం మీద మాత్రం -999 అని కనిపిస్తుంది. అది వాన కాదు, ‘ఇక్కడ లెక్క లేదు’ అనే గుర్తు.

దీన్ని గళ్ల నోటుపుస్తకంలో ఒక పేజీ అనుకోండి. సంవత్సరానికి 365 పేజీలు అవుతాయి. పేజీలో నిలువు ఒక దిశ, అడ్డం మరొక దిశ, పేజీ తిప్పడం మూడో దిశ. ఒక్కొక్క దిశను మితి అంటారు. ఇలాంటి దత్తాంశాన్ని దాచడానికి అమెరికాలోని యూనిడేటా సంస్థ 1980ల చివర రూపొందించిన ఫైలు పద్ధతి పేరు నెట్‌సీడీఎఫ్.

ఏడాదికొక ఫైలు ఉంటే చాలదా అని మీకు సందేహం కలగవచ్చు. బెట్ట లెక్క చూడండి. ఒక ఊళ్లో 2015 డిసెంబరు 20 నుంచి 2016 జనవరి 15 వరకు చినుకు పడలేదనుకుందాం. రబీ పైరుకు అది 27 రోజుల బెట్ట. కాని ఫైళ్లను విడివిడిగా లెక్కిస్తే ఒకదానిలో 12 రోజులు, మరొకదానిలో 15 రోజులు మాత్రమే కనిపిస్తాయి. పైరు ఎండిపోయినా కాగితం మీద పెద్ద బెట్ట కనిపించదు. అందుకే కలపాలి.

ఈ పనికి ఎన్‌సీఓ అనే ఉచిత పనిముట్ల సంపుటి ఉంది. చార్లీ జెండర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1990లలో దీన్ని మొదలుపెట్టారు. ఇందులో మనకు కావలసిన ఆదేశం ఎన్‌సీఆర్‌క్యాట్. దీన్ని ఇలా ఇవ్వాలి:

ఎన్‌సీఆర్‌క్యాట్ వాన2015.ఎన్‌సి వాన2016.ఎన్‌సి రెండేళ్లు.ఎన్‌సి

(కంప్యూటరులో ఆదేశాన్ని ఇంగ్లిషు చిన్న అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయండి: ఎన్, సి, ఆర్, సి, ఎ, టి.) చివరి పేరు కొత్తగా తయారయ్యే ఫైలుది. ఇక్కడ జాగ్రత్త అవసరం. మీరు ఆ మూడో పేరు మరచిపోతే 2016 ఫైలునే ఫలితం రాయవలసిన చోటుగా ఆదేశం భావిస్తుంది. ఆ ఫైలు ముందే ఉంది కాబట్టి ‘దీని మీద రాయమంటారా?’ అని అడుగుతుంది. అలవాటు కొద్దీ అవునంటే 2016 వాన అంతా చెరిగిపోయి, దాని స్థానంలో 2015 వాన చేరుతుంది. కనుక అసలు ఫైళ్ల నకలు వేరే చోట ఉంచుకోకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ఈ ఆదేశం రెండు పుస్తకాల పేజీలను వరుసగా కుట్టి ఒకే పుస్తకం చేస్తుంది. పేజీలు చేరే దిశను, అంటే కాలాన్ని, ఫైలులో పెరిగే మితిగా ముందే గుర్తించి ఉండాలి. అలా గుర్తించని ఫైలు ఇస్తే ఆదేశం పని చేయకుండా ఆగిపోతుంది. అప్పుడు ఎన్‌సీకేఎస్ అనే మరో ఆదేశంతో కాలాన్ని పెరిగే మితిగా మార్చుకోవాలి.

ఫైళ్లను ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలోనే పేజీలు కలుస్తాయి. నెలవారీ ఫైళ్లకు 1, 2, 10 అని పేర్లు పెడితే, కంప్యూటరు అక్షరక్రమంలో 10ని 2 కంటే ముందు పేరుస్తుంది. అక్టోబరు వాన ఫిబ్రవరి కంటే ముందు వచ్చి కూర్చుంటుంది! 01, 02 అని రాస్తే ఈ చిక్కు ఉండదు.

అన్ని ఫైళ్లూ ఇలా కలవవు. అదే శాఖ ఇచ్చే ఉష్ణోగ్రత ఫైలులో గీతలు ఒక్కో డిగ్రీకి ఒకటి చొప్పున, 31 అడ్డం, 31 నిలువు ఉంటాయి. పేజీ కొలతే వేరైనప్పుడు ఒకే పుస్తకంగా కుట్టలేం. ఇక ఒకే వారానికి అయిదు నమూనాలు ఇచ్చిన వాన అంచనాలు మీ దగ్గర ఉన్నాయనుకోండి. వాటిని కాలం వెంట కలిపితే ఒకే వారం అయిదుసార్లు వచ్చినట్లవుతుంది. ఆ పుస్తకాలను బీరువాలో పక్కపక్కన నిలబెట్టాలి, అంటే నాలుగో మితి కావాలి. దానికి ఎన్‌సీఈక్యాట్ అనే ఆదేశం ఉంది.

కలిపాక ఎన్‌సీడంప్ ఆదేశానికి హెచ్ ఐచ్ఛికం చేర్చి ఫైలు తలభాగం చూడండి. అక్షాంశం 129, రేఖాంశం 135 అలాగే ఉండాలి. కాలం 365, 366 కలిసి 731 కావాలి.

మీరే చేసి చూడండి

2016, 2017, 2018 ఫైళ్లను కలిపితే కాలం మితి 1,095 అని వచ్చింది. ఏ రోజు తప్పిపోయి ఉండవచ్చు?

జవాబు: 1,096 రావాలి. ముందుగా 2016 ఫిబ్రవరి 29 ఉందో లేదో చూడండి. కొన్ని వాతావరణ నమూనాల క్యాలెండరులో లీపు రోజు ఉండదు. ఆ రోజు ఉన్నట్లయితే, మూడు ఫైళ్ల తలభాగాలను విడివిడిగా తెరిచి 366, 365, 365 ఉన్నాయేమో సరిచూడండి.