పరీక్షలో చీటీ: దాచవలసినదా, దిద్దవలసినదా?

ఈమధ్య ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుండగా ఒక తండ్రి మా చేయి పట్టుకుని ప్రక్కకు తీసుకువెళ్ళారు. ఆయన కుమారుడు మా పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి చదువుతున్నాడు. అర్ధ సంవత్సర పరీక్షలో సైన్సు పేపరు రోజున చొక్కా చేతి మడతలో చీటీతో దొరికాడు.

"మౌల్వీ సాబ్, మీ మాట హెడ్మాస్టరుగారు కాదనరు. ఆ చీటీ బెంచీ క్రింద పడి ఉన్నదని, మావాడిది కాదని ఒక్క మాట చెప్పండి. పిల్లవాడి జిందగీ పాడవుతుంది" అని ఆయన బతిమాలారు.

ఇప్పుడే భుజం భుజం కలిపి నమాజు చేసిన మనిషి, మస్జిదు గడప దాటీ దాటకముందే అబద్ధం చెప్పమంటున్నారే అని మాకు మొదట కోపం వచ్చింది. కాని ఆ కోపం నిలవలేదు. ఎందుకంటే ఈ విషయంలో మేమూ ఒకప్పుడు పెద్ద తప్పు చేసినవాళ్ళమే.

దాదాపు ఇరవై ఏళ్ళ క్రితం, వేరొక పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు, ఇలాగే ఒక పిల్లవాడు మా చేతికి దొరికాడు. మరునాడు ఉదయం ప్రార్థన సమయంలో వాడిని అందరి ఎదుట నిలబెట్టి, ఆ చీటీని వాడి చేతనే చదివించాము. పిల్లలు నవ్వారు. క్రమశిక్షణ నేర్పామని మేము సంతోషపడ్డాము. ఆ మరునాడు వాడు బడికి రాలేదు. ఆ తరువాత ఎన్నడూ రాలేదు. కొన్నేళ్ళకు ఒక మెకానిక్ షెడ్డులో కనిపించి, చేతులు తుడుచుకుంటూ సలాం చేశాడు. కష్టపడి బ్రతకడం గౌరవమే. కాని వాడు చదువు మానింది ఇష్టపడి కాదు, మేము తరిమితే. చీటీలో ఏమి వ్రాసి ఉన్నదో బడి మొత్తానికి వినిపించాము గాని, ఎందుకు వ్రాసుకోవలసి వచ్చిందో వాడినొక్కడిని పిలిచి అడగలేదు.

చట్టాలు ఏమి చెబుతున్నాయి?

కాపీ కొట్టడాన్ని భయంతో అణచాలని ప్రభుత్వాలు ఎన్నోసార్లు ప్రయత్నించాయి. 1992లో ఉత్తరప్రదేశ్ లో నకలు కొట్టడాన్ని బెయిలు దొరకని నేరం చేశారు. పరీక్ష వ్రాయడానికి వచ్చిన పిల్లలు జైళ్ళకు వెళ్ళారు. ఆ ఏడాది అక్కడ హైస్కూలు పరీక్షలో ఉత్తీర్ణులైనవారు పదిహేను శాతం లోపే. తరువాత వచ్చిన ప్రభుత్వం ఆ చట్టాన్ని ఎత్తివేసింది. భయం పోగానే నకలు తిరిగి వచ్చింది. మన దగ్గర కూడా పబ్లిక్ పరీక్షలలో అక్రమాలను అరికట్టేందుకు 1997లో ఒక చట్టం చేశారు.

అయినా జరిగింది ఏమిటి? 2023 ఏప్రిల్ లో తాండూరులో పదవ తరగతి తెలుగు ప్రశ్నపత్రం ఫొటో, పరీక్ష మొదలైన కొద్దిసేపటికే వాట్సాప్ లోకి ఎక్కింది. ఆ ఫొటో తీసిన చేయి పిల్లవాడిది కాదు, పరీక్షా కేంద్రంలో పనిచేస్తున్న ఉపాధ్యాయునిది. మరునాడు హిందీ పేపరు ఇంకొక కేంద్రం నుంచి బయటికి వచ్చింది. ఆ పేపరు ఎవరిదో ఆ విద్యార్థిని డిబార్ చేశారు. అతడు హైకోర్టుకు వెళ్ళి మిగిలిన పరీక్షలు వ్రాసేందుకు అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది.

2024లో కేంద్ర ప్రభుత్వం ఉద్యోగ, ప్రవేశ పరీక్షల కోసం చేసిన చట్టం మాత్రం ఈ తేడాను కొంత గుర్తించింది. అందులోని జైలు శిక్షలు పేపరు అమ్ముకునే ముఠాలకే గాని పరీక్ష వ్రాసే అభ్యర్థికి కావు. అభ్యర్థి సంగతి ఆ పరీక్ష నియమాల ప్రకారమే చూస్తారు. పెద్దల వ్యాపారం వేరు, పిల్లవాడి బలహీనత వేరు. మొదటిది నేరం. రెండవది దిద్దవలసిన తప్పు.

తడి గింజల కుప్ప

సహీహ్ ముస్లింలోని ఒక ఉదంతం మన పాఠకులలో చాలామంది విన్నదే. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్నది, లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాగైతే తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు. మోసగించేవారికి తమతో సంబంధం లేదని గట్టిగా హెచ్చరించారు.

ఈ ఉదంతంలో రెండు విషయాలు గమనించాలి. మోసాన్ని చిన్న విషయమని కొట్టివేయలేదు. అయితే గింజలు తడిసినందుకు వర్తకుణ్ణి నిందించనూ లేదు. తడవడం తప్పు కాదు, తడిని కప్పిపుచ్చడం తప్పు. మన పిల్లలకు రాని పాఠమే ఆ తడి గింజ. చీటీ దానిమీద పరచిన పొడి గింజ. మరి తడి గింజను పైకి తీసి చూపించే ధైర్యం మనం పిల్లలకు ఇస్తున్నామా? "సార్, నాకు ఇది రాలేదు" అన్న పిల్లవాడికి మన తరగతిలో దొరుకుతున్నది జవాబా, చీవాట్లా?

స్నేహితునికి చూపించడం సహాయమే కదా అని కొందరు పిల్లలు వాదిస్తారు. తరావీహ్ నమాజులో ఇమాము ఆయత్ మరచిపోతే వెనుకనున్న హాఫిజ్ అందిస్తారు. దాన్ని లుఖ్మా ఇవ్వడం అంటారు. అది అందరికీ వినబడేలా, పఠనం సరిగా సాగడానికి చేసే సహాయం. కాని మదరసాలో సబక్ అప్పజెప్పేటప్పుడు ప్రక్కవాడు గుసగుసగా అందిస్తే ఉస్తాద్ ఒప్పుకునేవారు కారు. "ఈ రోజు వాడికి అందిస్తున్నావు, రేపు వాడు ఒంటరిగా నిలబడినప్పుడు ఎవరు అందిస్తారు?" అనేవారు. సబక్ రాకపోతే కొత్త పాఠం ఆగేది, పాతదే మరునాడు మళ్ళీ వినేవారు.

పాఠశాల చేయవలసినది

చీటీ దొరికినప్పుడు కేకలు వేయరాదు. చీటీని, అప్పటివరకు వ్రాసిన జవాబు పత్రాన్ని తీసుకుని, క్రొత్త పత్రం ఇచ్చి మిగిలిన సమయం వ్రాయనివ్వాలి. మిగతా పిల్లల పరీక్ష చెడకూడదు. తరువాత ఒంటరిగా పిలిచి, ఎందుకు చేశావని, ఏ పాఠం రాలేదని అడగాలి. ఆ పేపరు మార్కులు లెక్కలోకి రావని స్పష్టంగా చెప్పాలి. శిక్ష లేకపోతే కష్టపడి చదివిన పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది. కాని ఆ పాఠం తిరిగి చెప్పి, వారం పదిరోజులలో మరొక పరీక్ష పెట్టాలి. కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందని మరువరాదు. పరువు పోయిందని ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము.

ఒకే పాఠానికి నలుగురి దగ్గర చీటీలు దొరికాయంటే ఆ పరీక్షలో తప్పినది ఉపాధ్యాయుడే. గైడులోని ప్రశ్ననే పేపరులో దించితే గైడులోని జవాబునే పిల్లలు దించుతారు.

తల్లిదండ్రులు చేయవలసినది

కొట్టవద్దు. అలాగని వెనకేసుకునీ రావద్దు. "మావాడు అలాంటివాడు కాదు" అని తండ్రి వాదిస్తున్నంతసేపూ, తండ్రి అబద్ధమాడుతున్నాడని ప్రక్కన నిలబడిన కొడుకుకు తెలుసు. చీటీ నేర్పినదానికన్నా చెడ్డ పాఠం అది. అప్పులవాడు వస్తే "అబ్బా ఇంట్లో లేరని చెప్పు" అని పంపే ఇంటిలో నిజాయితీ మీద ఉపన్యాసం పనిచేయదు. బడినుంచి రాగానే ఎన్ని మార్కులు వచ్చాయని కాక, ఈ రోజు ఏమి అర్థం కాలేదని అడగండి.

ఇక మస్జిదు మెట్ల దగ్గరి తండ్రి సంగతి. "అబద్ధం చెప్పము, కాని మీతో వస్తాము" అన్నాము. మరునాడు ముగ్గురం హెడ్మాస్టరుగారి గదిలో కూర్చున్నాము. చీటీ విప్పి చూస్తే అన్నీ రసాయన ఫార్ములాలు. ఎందుకని మెల్లగా అడిగితే పిల్లవాడు చాలాసేపటికి నోరు విప్పాడు. "సంయోజకత పాఠం చెప్పినప్పుడు నేను బడికి రాలేదు సార్. పెళ్ళిళ్ళ సీజనని అబ్బా గాజుల దుకాణంలో కూర్చోమన్నారు. తరువాత అడిగితే అందరూ నవ్వుతారని అడగలేదు."

తండ్రి తల దించుకున్నారు. రెండు వారాలు రాని పిల్లవాడిని ఒక్కసారి కూడా విచారించని మేమూ తల దించుకున్నాము. సైన్సు మాస్టరుగారు నాలుగు సాయంత్రాలు కూర్చోబెట్టి ఆ పాఠం చెప్పారు. మళ్ళీ పెట్టిన పరీక్షలో ఇరవై అయిదుకు పదకొండు వచ్చాయి. చీటీతో అయితే ఇంకా ఎక్కువే వచ్చేవేమో. కాని ఆ పదకొండూ వాడివి. తండ్రి ఆ కాగితం మీద సంతకం చేసి, పెళ్ళిళ్ళ సీజనుకు దుకాణంలో వేరొక మనిషిని పెట్టుకుంటానని చెప్పి వెళ్ళారు.

పిల్లలు మన దగ్గర అల్లాహ్ ఉంచిన అమానతు. వారి తప్పును దాచకుండా, వారిని తరమకుండా దిద్దే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.