యాభై దాటిన కాళ్లకు మన చలికాలం

జనవరిలో హిందూపురంలో పొద్దు పొడిచేసరికి ఆరూ ముప్పావు అవుతుంది. అంతకు గంట ముందే మైదానాల్లో మఫ్లర్లు, మంకీ క్యాపులు కనిపిస్తాయి. వాళ్లలో యాభై దాటినవాళ్లే ఎక్కువ. చాలామంది నడుస్తారు. నలుగురైదుగురు మాత్రం చీకట్లో ఎవరి కంటా పడకుండా ఒక చుట్టు పరుగెత్తి, రొప్పుతూ ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడతారు. ఈ వ్యాసం వాళ్ల కోసం రాస్తున్నాను. పరుగెత్తాలని ఉన్నా "ఈ వయసులో ఎందుకులే" అని ఆగిపోయినవాళ్ల కోసం కూడా.

చలికాలపు పరుగు గురించి బయట దొరికే పుస్తకాలు ఎక్కువగా చలి దేశాల్లో పుట్టినవి. మంచు మీద జారకుండా ఏ బూట్లు వేసుకోవాలి, చేతులు గడ్డకట్టకుండా ఏం తొడుక్కోవాలి అన్నవి వాళ్ల బాధలు. మన సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో ధర్మవరంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పరుగుకు వాడుకునే శక్తిలో సుమారు ముప్పావు వంతు వేడిగానే ఒంట్లోంచి బయటపడాలి. ఎండాకాలంలో గుండె ఒకవైపు కాళ్ల కండరాలకు, ఇంకోవైపు ఒళ్లు చల్లబరచడానికి చర్మానికి, రెండుచోట్లకూ రక్తం తోడాల్సి వస్తుంది. వయసు మీరేకొద్దీ చెమట పట్టడం కూడా తగ్గుతుంది కాబట్టి ఆ భారం ఇంకా పెరుగుతుంది. డిసెంబరులో పదిహేను డిగ్రీల ఉదయాన అదే గుండె అంతే శ్రమతో మనల్ని ఇంకా దూరం తీసుకెళ్తుంది. రైతుకు పంటకాలం ఎలాగో పరుగెత్తేవాడికి మన సీమలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి నడిమి దాకా అలాగ. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లు పైనే ఉంది, ధర్మవరం దాదాపు 350 మీటర్ల దగ్గరుంది. అందుకే హిందూపురంలో ఈ కాలం ఇంకొన్ని వారాలు ఎక్కువ నిలుస్తుంది.

ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. చల్లగా ఉంటే ఆయాసం తెలియదు. ఆయాసం తెలియనివాడు నిన్న రెండు కిలోమీటర్లు పోయినచోట ఇవాళ నాలుగు పోతాడు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకు కట్టిపడేసే స్నాయువులకు మాత్రం నెలలు పడుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఈ తేడా పెద్దగా అడ్డురాదు. యాభై దాటినవాళ్ల దెబ్బలు చాలావరకు ఈ తేడాలోంచే పుడతాయి.

నాకూ అదే జరిగింది. యాభై రెండో ఏట డిసెంబరులో మొదలుపెట్టాను. రెండు వారాలు ఎంతో హాయిగా సాగింది. మూడో వారం చెరువు కట్ట మీద పోతుంటే పిక్కలో ఎవరో రాయి పెట్టి కొట్టినట్టు తగిలింది. వెనక్కి తిరిగి చూశాను, కట్ట మీద ఎవరూ లేరు. పిక్క కండరం చిట్లిన చాలామంది సరిగ్గా ఇలాగే చెబుతారని తర్వాత తెలిసింది. ఆ చలికాలమంతా కుంటుతూ గడిచిపోయింది.

పరుగెత్తే కుర్రవాళ్లకు ఎక్కువగా మోకాలు నొప్పి వస్తుంది. వయసైనవాళ్లకు పిక్క, మడమ వెనక తాడులా చేతికి తగిలే స్నాయువు దెబ్బతింటాయి. దాన్ని జనం నరం అంటారు కానీ అది నరం కాదు. వయసుతో ముందుగా తరిగిపోయేవి చురుగ్గా పనిచేసే కండర పోగులు, అంటే పాదం నేలను వెనక్కి నెట్టే బలం. మడమకు కొన్ని అంగుళాల పైన ఆ స్నాయువుకు రక్త ప్రసరణ తక్కువ, అందుకే అక్కడ గాయం మానడానికి చాలాకాలం పడుతుంది. చలికాలం తెల్లవారి మంచం దిగి వేసే మొదటి నాలుగు అడుగుల్లో మడమ బిగుసుకుపోయినట్టుంటే అది హెచ్చరిక. దాన్ని లెక్కచేయకుండా పరుగుకు పోవద్దు.

దీనికి మందు ఇంటి మెట్టు మీదే ఉంది. మెట్టు అంచున మునివేళ్లు ఆనించి, గోడ పట్టుకుని నిలబడాలి. రెండు కాళ్ల మీద పైకి లేవాలి. ఒక కాలు ఎత్తి, రెండో కాలి మీద నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా మడమను మెట్టు కిందికి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లతో మొదలుపెట్టి పదిహేనుకు వెళ్లి, మూడు విడతలు చేయాలి. రోజు విడిచి రోజు చేస్తే చాలు. కొత్తలో రెండు కాళ్లతోనే దించవచ్చు. పరుగు మొదలుపెట్టడానికి నెల ముందు నుంచే ఇది చేయాలని నా గట్టి అభిప్రాయం. కార్తీక మాసం అందుకు సరిగ్గా సరిపోతుంది.

ధర్మవరం నేతన్నల సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. గుంత మగ్గం మీద కూర్చునేవాళ్లు కాళ్లు గుంతలో పెట్టి, తుంటి వంచి, రోజుకు ఎనిమిది, పది గంటలు నేస్తారు. ముప్పై ఏళ్లు అలా కూర్చుంటే తొడ పైభాగాన తుంటి ముందుండే కండరాలు కురచబడిపోతాయి. అలాంటి మనిషి లేచి పరుగెత్తితే కాలు వెనక్కి సాగదు. ఆ లోటు తీర్చడానికి నడుము ముందుకు వంగి నొప్పి పుడుతుంది, మిగతా భారం పిక్క మీద పడుతుంది. గల్లాపెట్టె ముందు కూర్చునే వ్యాపారిదీ, కారు నడిపే డ్రైవరుదీ, ఆఫీసు గుమాస్తాదీ ఇదే కథ. వాళ్లు పరుగు కన్నా ముందు చేయాల్సినవి రెండున్నాయి. ఒక మోకాలు చాప మీద ఆనించి, రెండో పాదం ముందుకు పెట్టి, తుంటిని మెల్లగా ముందుకు నెట్టి అర నిమిషం ఉండాలి. తర్వాత చేతులు ఆనించకుండా పీట మీద నుంచి పదిసార్లు లేచి కూర్చోవాలి. రెండోది చూడటానికి చిన్నపనే కానీ, పిరుదుల్లో, తొడల్లో బలం ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

"పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోవా?" అని అందరూ అడుగుతారు. 2017లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు, సరదాగా పరుగెత్తేవాళ్లలో మోకాలు, తుంటి కీళ్లవాతం 3.5 శాతం మందిలో కనిపించింది. కదలకుండా కూర్చునేవాళ్లలో అది 10.2 శాతం. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వైద్యులు 1984లో యాభై దాటిన 500 మందికి పైగా పరుగువాళ్లను, వాళ్లకు పోలికగా పరుగెత్తని మరికొందరిని తీసుకుని రెండు దశాబ్దాలు గమనించారు. 19 ఏళ్ల తర్వాత చూస్తే పరుగెత్తనివాళ్లలో 34 శాతం మంది, పరుగెత్తినవాళ్లలో 15 శాతం మంది చనిపోయి ఉన్నారు. లేవడం, నడవడం, సొంత పనులు చేసుకోవడం కష్టమయ్యే దశ కూడా పరుగువాళ్లకు ఎన్నో ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. పరుగు ఎంచుకున్నవాళ్లు మొదటి నుంచీ కాస్త ఆరోగ్యవంతులే అయి ఉండవచ్చు, ఆ మాట కూడా చెప్పాలి. అయినా అంత తేడాను తీసిపారేయలేం. మోకాళ్లు ఇప్పటికే అరిగిపోయి వాపు ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్కలు వర్తించవు. వాళ్లు డాక్టరును అడిగే అడుగు వేయాలి.

ఎంత వేగంగా పోవాలన్నది అసలు ప్రశ్న. 1962 చివర్లో అమెరికా పరుగుల కోచ్ బిల్ బోవర్‌మన్ న్యూజిలాండ్ వెళ్లాడు. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు. అక్కడి కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఆక్లండ్‌లో నడివయసువాళ్లను, ముసలివాళ్లను పోగుచేసి నెమ్మది పరుగు నేర్పుతున్నాడు. ఆ బృందంతో కలిసి బయల్దేరిన బోవర్‌మన్ కొద్దిదూరంలోనే వెనకబడ్డాడు. గుండెపోటు వచ్చి తేరుకున్న డెబ్బై దాటిన ఒకాయన వెనక్కి వచ్చి ఆయనకు తోడుగా పరుగెత్తాడు. ఛాంపియన్లను తయారుచేసిన కోచ్‌కు ఆ రోజు కళ్లు తెరుచుకున్నాయి. అమెరికా తిరిగివచ్చి, ఒక గుండె వైద్యుడితో కలిసి 1967లో 'జాగింగ్' అనే పుస్తకం రాశాడు. లిడియార్డ్ సూత్రం ఒక్కటే, పక్కవాడితో మాట్లాడుతూ పోగలిగినంత వేగమే సరైన వేగం.

కెనడాలో ఎడ్ విట్లాక్ అనే ఆయన ఇంటి దగ్గరి శ్మశానవాటికలో గంటల తరబడి చుట్లు కొట్టేవాడు, అదీ చాలా నెమ్మదిగా. 2004లో 73 ఏళ్ల వయసులో ఆయన 42 కిలోమీటర్ల మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల్లో పూర్తిచేశాడు. మన విశాఖపట్నంలో నౌకాదళం నుంచి రిటైరైన వల్లభజోస్యుల శ్రీరాములు తొంభై దాటాక కూడా మాస్టర్స్ పోటీల్లో పతకాలు తెచ్చారు. వీళ్లంతా అసాధారణులే, కాదనను. కానీ వ్యాయామం చేయనివాళ్లలో ఒంటికి ప్రాణవాయువును వాడుకునే శక్తి పదేళ్లకు పది శాతం చొప్పున తరుగుతుంటే, మానకుండా సాధన చేసేవాళ్లలో ఆ తరుగుదల దాదాపు సగమే. ఈ లాభం మామూలు మనిషికీ అందుతుంది.

కాబట్టి వారంలో నాలుగు రోజులు పరుగెత్తితే మూడు రోజులు పూర్తిగా మాటలు సాగే వేగంలోనే పోవాలి. పూర్తి వాక్యం చెప్పలేకపోతే నడకలోకి దిగాలి. కొందరు గుండె వేగాన్ని చేతి గడియారంలో చూసుకుంటారు. 208 నుంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం సుమారుగా వస్తుంది. 55 ఏళ్లవాళ్లకు అది 169 లేదా 170. అందులో ముప్పావు వంతు దాటకుండా ఉంటే నెమ్మది పరుగే. బీపీకి వాడే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని అణిచి ఉంచుతాయి కాబట్టి, అవి వేసుకునేవాళ్లు గడియారాన్ని నమ్మవద్దు, మాటనే నమ్మాలి. కష్టపడిన రోజు తర్వాత రెండు రోజుల తేలిక తప్పనిసరి. ప్రతి నాలుగో వారం దూరాన్ని మూడో వంతు తగ్గించాలి. సంక్రాంతి మూడు రోజులూ మానేసి అరిసెలు తిన్నా నష్టమేమీ లేదు.

వారంలో ఆ నాలుగో రోజుకు పెనుకొండ వాళ్లకు ఉన్న అదృష్టం అందరికీ లేదు. విజయనగర రాజుల కోట ఉన్న కొండ ఊరి నెత్తినే ఉంది. ఎగువకు పోయేటప్పుడు పాదం నేలను తాకే దెబ్బ తక్కువ, తొడలకు, పిరుదులకు పని ఎక్కువ. అంటే వేగం లేకుండానే బలం వస్తుంది. పిక్క మీద మాత్రం లాగుడు ఉంటుంది, అందుకే మెట్టు సాధన నెల రోజులు చేశాకే కొండకు పోవాలి. ఎక్కేటప్పుడు మెల్లగా పరుగెత్తండి, దిగేటప్పుడు నడవండి. దిగువకు పరుగెత్తితే తొడ కండరాలు సాగుతూ బరువు మోయాలి. మర్నాడు కూర్చుని లేవలేకపోవడం అందువల్లే.

గుండె మాట వాయిదా వేయకూడదు. చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. గుండెపోట్లు చలికాలంలోనూ, ఉదయం వేళల్లోనూ ఎక్కువ. యాభై దాటినవాళ్లు మొదలుపెట్టే ముందు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోవాలి. ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలో వద్దో డాక్టరు చెబుతారు. షుగర్‌కు ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లు పరగడుపున పరుగెత్తితే చక్కెర పడిపోవచ్చు, ముందే అడిగి తెలుసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లంతా రోజూ సాక్సు విప్పి పాదాలు చూసుకోవాలి. ఛాతీలో బిగింపు, దవడకు గానీ చేతికి గానీ పాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే అది గ్యాస్ అనుకుని ఇంటికి నడిచి పోవద్దు. అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయాలి.

నాలుగున్నరకే లేచి చీకట్లో పరుగెత్తడం గొప్ప క్రమశిక్షణ అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. యాభై దాటినవాళ్లకు అది వద్దనే నేనంటాను. ఆ వేళ చలి బాగా ముదిరి ఉంటుంది. చెత్త కాల్చిన పొగ, చలిమంటల పొగ పైకి పోకుండా నేల మీదే పేరుకుని ఉంటుంది. పొద్దెక్కితేనే అది చెదురుతుంది. గుంతలు కనిపించవు. పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద, 2019లో అక్కడి కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలయ్యాక లారీల రాకపోకలు ఇంకా పెరిగాయి. ఆ పక్క చీకట్లో పరుగెత్తడం ప్రాణాలతో పందెం. పొద్దు పొడిచాక బయల్దేరండి, ఇంట్లోనే ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచి, బయట ఇంకో పది నిమిషాలు నడిచాక పరుగు అందుకోండి. ఉదయం కుదరనివాళ్లకు సాయంత్రం ఐదు గంటలు కూడా మంచి వేళే.

తిండి గురించి మనం బయట వెతుక్కోనక్కర్లేదు. రాగి సంగటి పరుగుకు మంచి ఇంధనం. అయితే వందగ్రాముల రాగుల్లో మాంసకృత్తులు ఏడు గ్రాములే. యాభై దాటిన కండరానికి అవి ఇంకా ఎక్కువ కావాలి. పరుగెత్తేవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాముల దాకా, అంటే అరవై కిలోల మనిషికి సుమారు 72 గ్రాములు. ఉలవల్లో వందకు 22, వేరుశెనగల్లో 25 గ్రాముల దాకా ఉంటాయి. పరుగు కాలానికే అనపకాయలు కూడా వస్తాయి. సంగటి మీద పితికిన పప్పు వేసుకుని, పక్కన గుడ్డో గ్లాసెడు పాలో ఉంటే డబ్బా పొడులు అక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క డాక్టరే వేయాలి. చలికి దాహం వేయదు, వయసుకు ఇంకా వేయదు, కాబట్టి దాహం కాకున్నా నీళ్లు తాగాలి.

హిందూపురం నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. తొలి చలికాలంలో ఆ దూరం ఆశ పెట్టుకోవద్దు. ఆగకుండా, మాట్లాడుతూ, అరగంట పరుగెత్తగలిగితే ఆ చలికాలం పండినట్టే. లేపాక్షి నంది మరుసటి ఏడు కూడా అక్కడే ఉంటుంది.

ఈసారి చలి మొదలవగానే ముందు బీపీ చూపించుకోండి. ఆ రోజు నుంచే మెట్టు మీద మడమ దించడం మొదలుపెట్టండి. నెల గడిచాక, పొద్దు పొడిచిన తర్వాత, పక్కింటాయననో, ఇంటావిడనో తోడు తీసుకుని మైదానానికి రండి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఎనిమిదిసార్లు. తొలి రోజుకు అంతే చాలు.