కోత చిన్నది.. బాధ్యత పెద్దది
స్థూలకాయ శస్త్రచికిత్స తరువాత తొలి ఏడాదే కీలకం

లాలాగూడ (సికింద్రాబాద్): 'ఆపరేషన్ అయిపోయింది కదా.. ఇక బరువు దానంతట అదే దిగుతుంది'. స్థూలకాయానికి శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి చేరినవారికి ఇరుగు పొరుగు చెప్పే ధైర్యవచనం ఇదే. ఇందులో సగమే నిజం. బరువు దిగుతుంది. కానీ దిగేటప్పుడు శరీరంలోని కండను, ఎముకను, రక్తాన్ని, నరాలను కాపాడుకోవలసిన భారం రోగిపైన, అతని ఇంటిల్లిపాదిపైన పడుతుంది. ఆసుపత్రిలో ఉండేది రెండు మూడు రోజులే. అసలు చికిత్స ఇంటి వంటగదిలో ఆరంభమై సంవత్సరాల తరబడి సాగుతుంది.

నిజాం కాలంలో 1893లో నెలకొన్న రైల్వే వర్క్‌షాప్ చుట్టూ పెరిగిన బస్తీ లాలాగూడ. ఒకప్పుడు ఇక్కడ ప్రతి పనీ ఒంటిచాకిరీయే. నేడు కూర్చుని చేసే ఉద్యోగాలు, రాత్రి డ్యూటీలు, వేళ తప్పిన భోజనాలు పెరిగాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కల్లో తెలంగాణలోని వయోజనుల్లో సుమారు ముగ్గురిలో ఒకరు ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువు ఉన్నారు. వారిలో శస్త్రచికిత్స దాకా వెళ్లవలసిన వారు కొద్దిమందే అయినా, ఒకప్పుడు సంపన్నులకే పరిమితమనుకున్న ఈ చికిత్స ఇప్పుడు సామాన్యుల గడపకూ చేరింది. హైదరాబాద్‌లోని ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో 2022లో 240 కిలోల బరువున్న యువకుడికి వైద్యులు ఈ శస్త్రచికిత్స చేశారు. ఈ నేపథ్యంలో ఆపరేషన్ తరువాతి నెలల్లో ఏం జరుగుతుంది, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది ప్రతి కుటుంబమూ తెలుసుకోదగిన విషయం.

లోపల జరిగే మార్పు ఇదీ..

మన దేశంలో ఎక్కువగా జరిగేవి రెండు పద్ధతులు. మొదటిది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలిన దానిని సన్నని అరటికాయ ఆకారంలో ఉంచుతారు. రెండోది గ్యాస్ట్రిక్ బైపాస్. ఇందులో సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే పట్టే చిన్న సంచిని తయారు చేసి, దానిని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. రెండింటినీ పొట్టపై చిన్న రంధ్రాల ద్వారా లాప్రోస్కోపీ పద్ధతిలోనే చేస్తారు. బయటి కోత చిన్నదే అయినా లోపలి మార్పు మాత్రం పెద్దది. కడుపు చిన్నది కావడమే కాదు, ఆకలిని పుట్టించే హార్మోన్లూ మారిపోతాయి. చాలామందికి మొదటి నెలల్లో ఆకలే వేయకపోవడానికి కారణం ఇదే.

లైపోసక్షన్‌తో దీనిని ముడిపెట్టరాదు. చర్మం కింది కొవ్వును పీల్చివేసే ఆ ప్రక్రియ ఆకృతి కోసం చేసేది. స్థూలకాయానికి గానీ, మధుమేహానికి గానీ అది చికిత్స కాదు.

తొలి పక్షం.. గుక్కలే ఆధారం

మొదటి ఒకటి రెండు రోజులు నీరు, వడగట్టిన పల్చని చారు, కొబ్బరినీళ్లు వంటివే ఇస్తారు. ఆ తరువాత రెండు వారాల వరకు పల్చని మజ్జిగ, వెన్న తీసిన పాలు, పెసరకట్టు, వైద్యులు సూచించిన ప్రోటీన్ పొడి కలిపిన ద్రవాలు తీసుకోవాలి. గ్లాసెడు నీరు ఒక్కసారిగా తాగే అలవాటును మరచిపోవాలి. చిన్న గిన్నెతో గుక్క గుక్కగా, రోజు మొత్తంలో లీటరున్నర నుంచి రెండు లీటర్లు లోపలికి వెళ్లేలా చూసుకోవాలి. ఇంటికి వచ్చిన కొత్తలో తిరిగి ఆసుపత్రిలో చేరవలసి రావడానికి ప్రధాన కారణాల్లో ఒకటి ఒంట్లో నీరు తగ్గిపోవడమే. మూత్రం ముదురు రంగులోకి మారడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం దీని లక్షణాలు.

ఆపరేషన్ జరిగిన రోజు నుంచే నడిపిస్తారు. ఇది బరువు తగ్గడానికి కాదు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి. ఇంటికి వచ్చాక కూడా గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి.

వీటిని ఉపేక్షించరాదు

గుండె నిమిషానికి 120 సార్లకు మించి కొట్టుకోవడం, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి కనిపిస్తే కుట్ల వద్ద లీకేజీ ఉందేమోనని అనుమానించాలి. పిక్క వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం రక్తం గడ్డకు సంకేతాలు. నల్లని మలం లోపలి రక్తస్రావానికి గుర్తు. 'తెల్లారాక చూద్దాంలే' అనుకోకుండా అర్ధరాత్రయినా సరే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిని సంప్రదించాలి.

ముద్ద చిన్నది.. నమలడం ఎక్కువ

మూడో వారం నుంచి మెత్తగా మెదిపిన ఆహారం మొదలవుతుంది. బాగా ఉడికించి చిలికిన పప్పు, పెరుగు, మెత్తటి గుడ్డు, మెదిపిన చేప, పనీర్ ఇస్తారు. ఐదో వారం ప్రాంతంలో మెత్తని ఇడ్లీ, పెసరపప్పు కిచిడీ, ఉడికిన కూరలు తినవచ్చు. రెండు నెలలు దాటే సరికి ఇంటిల్లిపాదీ తినే భోజనమే చిన్న పరిమాణంలో తీసుకోవచ్చు. ఆసుపత్రిని బట్టి ఈ గడువులు కొంత మారుతుంటాయి కనుక రోగికి ఇచ్చిన చీటీయే ప్రమాణం.

తెలుగువారి భోజనంలో అన్నానిదే పెద్దపీట. శస్త్రచికిత్స తరువాత విస్తరిలో ఈ వరుస తిరగబడాలి. ముందుగా గుడ్డు, పప్పు, చేప, కోడిమాంసం, పనీర్ వంటి మాంసకృత్తులు, తరువాత కూర, చోటు మిగిలితేనే అన్నం. రోజుకు కనీసం 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అవసరం. ఒక గుడ్డులో ఆరేడు గ్రాములు, గ్లాసు పాలలో సుమారు అంతే ఉంటాయి. వండిన కోడిమాంసం 100 గ్రాములు తింటే సుమారు 25 గ్రాములు లభిస్తాయి. చిన్న కడుపుతో ఈ లెక్క నిండడం కష్టం కనుకనే తొలి నెలల్లో ప్రోటీన్ పొడి తప్పనిసరి అవుతుంది. ఇది లోపిస్తే తగ్గేది కొవ్వు కాదు, కండ.

భోజనం మధ్యలో నీరు తాగరాదు. తిన్నాక అరగంట ఆగి తాగాలి. ఒక్కో ముద్దను పేస్టు అయ్యేదాకా నమలాలి. తొందరపడితే ముద్ద ఛాతీలో ఇరుక్కున్నట్లై వాంతి అవుతుంది. బైపాస్ అయినవారు మిఠాయి, శీతల పానీయాలు తీసుకుంటే అరగంటలోపే చెమటలు, గుండెదడ, విరేచనాలు పట్టుకుంటాయి. వైద్యులు దీనినే 'డంపింగ్' అంటారు. స్లీవ్ అయినవారిలో కొందరికి ఛాతీలో మంట, పులితేన్పులు ఎక్కువవుతాయి.

వాంతులు ఆగకుంటే.. బెరిబెరి పాఠం

లాలాగూడకు కూతవేటు దూరంలో తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకకు, ఈ శస్త్రచికిత్సకు ఒక ఆసక్తికరమైన లంకె ఉంది. ఆ సంస్థ 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన విభాగంగా మొదలైంది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. మరపట్టిన తెల్లబియ్యమే ప్రధాన ఆహారమైన కోస్తా తెలుగు జిల్లాలను ఒకప్పుడు పీడించిన వ్యాధి బెరిబెరి. బి1 విటమిన్ అయిన థయామిన్ లోపమే దానికి కారణం.

ఆ పాత వ్యాధి ఈ కొత్త శస్త్రచికిత్స తరువాత మళ్లీ తలెత్తే అవకాశం ఉంది. శరీరంలో థయామిన్ నిల్వలు రెండు మూడు వారాలకు మించి ఉండవు. వాంతులు ఆగకుండా, తిండి నిలవకుండా ఉంటే ఆ నిల్వ త్వరగా హరించుకుపోతుంది. పాదాల మంట, తిమ్మిరి, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడి మతి చెదరడం దీని లక్షణాలు. సకాలంలో థయామిన్ ఇంజెక్షన్ ఇస్తే కోలుకుంటారు. ఆలస్యమైతే నరాలకు, మెదడుకు శాశ్వత నష్టం వాటిల్లవచ్చు.

ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. నీరసంగా ఉందని సమీపంలోని క్లినిక్‌కు వెళ్లి గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకోవడం మనవారి అలవాటు. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే ఉన్న కాస్త నిల్వ కూడా ఖర్చై పరిస్థితి విషమించవచ్చు. అందువల్ల ఏ వైద్యుని వద్దకు వెళ్లినా మొదట చెప్పవలసిన మాట 'నాకు బరువు తగ్గే ఆపరేషన్ జరిగింది' అన్నదే. డిశ్చార్జి చీటీ నకలు ఎల్లప్పుడూ వెంట ఉండాలి.

మాత్రలు జీవితాంతం

బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి, మల్టీవిటమిన్ మాత్రలు ఆరు నెలలతో ముగిసేవి కావు. జీవితాంతం వాడవలసినవి. బి12 నిల్వలు శరీరంలో చాలాకాలం ఉంటాయి కనుక లోపం వెంటనే బయటపడదు. 'నాకేమీ కాలేదు' అని మాత్రలు మానేసినవారికి రెండు మూడేళ్ల తరువాత రక్తహీనత, తిమ్మిర్లు రావచ్చు. ఐరన్, కాల్షియం మాత్రల నడుమ కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ తాగితే ఆ మాత్ర ఒంటికి పట్టదు.

మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి తొలి వారాల్లోనే చక్కెర, బీపీ పడిపోతుంటాయి. పాత మోతాదులోనే ఇన్సులిన్ తీసుకుంటే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. ఇంట్లో చక్కెర పరీక్షించుకుంటూ వైద్యుని సలహాతో మోతాదు తగ్గించుకోవాలి. సొంతంగా మానడమూ తప్పే. ఒళ్లునొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కడుపులో పుండ్లు పుట్టిస్తాయి. వాటికి దూరంగా ఉండాలి. పొగ మానాలి. మద్యం మునుపటికంటే త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది.

పనిలోకి ఎప్పుడు?

కూర్చుని చేసే ఉద్యోగాలకు సాధారణంగా రెండు మూడు వారాల్లో వెళ్లవచ్చు. వర్క్‌షాప్‌లోనో, పట్టాల మీదో బరువులెత్తే పని చేసేవారు ఆరు వారాల వరకు ఆగాలి. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ ఎత్తే ఇల్లాళ్లకూ ఇదే నియమం. రైల్వేలో సిక్‌లో ఉన్నవారు ఫిట్ సర్టిఫికెట్ లేనిదే విధుల్లో చేరలేరు. చేసే పని ఎలాంటిదో ఆ సమయంలోనే వైద్యునికి వివరంగా చెప్పుకోవాలి. రాత్రి డ్యూటీల వారు భోజన వేళలు, మాత్రల వేళలు ముందుగానే రాసి పెట్టుకోవడం మేలు.

మూడో నెలలో దిగులు

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు విపరీతంగా రాలుతుంది. ఇది చూసి చాలామంది బెంబేలెత్తుతారు. వేగంగా బరువు తగ్గడం వల్ల వచ్చే ఈ సమస్య, మాంసకృత్తులు, ఐరన్ సరిగా అందితే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. బరువు కొన్నాళ్లు కదలకుండా ఆగిపోవడమూ సహజమే. పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఉన్నందున కొందరికి ఆరు నెలల పాటు మాత్రలు ఇస్తారు. చర్మం వేలాడటం పూర్తిగా తప్పించలేనిది.

ఏడాది నుంచి ఏడాదిన్నరలో మొత్తం బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు తగ్గడం సాధారణం. 120 కిలోలున్న వ్యక్తి 80-90 కిలోల మధ్యకు చేరితే అది విజయమే. బరువు తగ్గడంతో స్త్రీలలో సంతానావకాశం పెరుగుతుంది. అయితే 12 నుంచి 18 నెలల వరకు గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. లేకుంటే తల్లికీ బిడ్డకూ పోషకాలు చాలవు.

విందులు.. వేధింపులు

సికింద్రాబాద్ బోనాల విందు, రంజాన్ హలీం, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల క్రిస్మస్ కేకు.. ఈ ప్రాంతంలో పండుగంటే పదిమందికీ పెట్టడమే. 'ఒక్క ముద్దేగా' అని బతిమాలే ఆత్మీయులే తొలి నెలల్లో పెద్ద పరీక్ష. ఆ ముద్ద వాంతిగా మారుతుందని ఇంటివారే బంధువులకు చెప్పాలి. ఉపవాసాలు పాటించదలచినవారు వైద్యుని ముందుగా సంప్రదించాలి.

మనసునూ పట్టించుకోవాలి. ఇన్నాళ్లూ దిగులుకు, ఒంటరితనానికి తిండే ఓదార్పు అయినవారికి ఆ దారి ఒక్కసారిగా మూసుకుపోతుంది. 'అద్దంలో ఎవరో కనిపిస్తున్నారు' అన్న కలత, నిస్పృహ కొందరిలో తలెత్తుతాయి. అది బలహీనత కాదు. మానసిక వైద్యుని కలవడానికి సంకోచించరాదు.

బీమా నిబంధన

బీమా నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, వైద్యుని సలహా ఉండి, బాడీ మాస్ ఇండెక్స్ 40 లేదా అంతకు మించినవారికి, 35 లేదా అంతకు మించి ఉండి గుండెజబ్బు, తీవ్రమైన నిద్రలో శ్వాస ఆటంకం, అదుపులేని మధుమేహం వంటివి ఉన్నవారికి మాత్రమే, ఇతర మార్గాలు విఫలమయ్యాక ఈ శస్త్రచికిత్సకు బీమా వర్తించే వీలుంది. పాలసీ షరతులు ముందే చదువుకోవాలి. ఆపరేషన్ ఖర్చుతో పాటు ఆ తరువాతి మాత్రలు, ప్రోటీన్ పొడి, రక్తపరీక్షల ఖర్చునూ కుటుంబం లెక్కలో వేసుకోవాలి.

ఫలితం ఎంత?

స్వీడన్‌లో 1987లో మొదలైన సుదీర్ఘ అధ్యయనంలో ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో మరణాల ముప్పు సుమారు 29 శాతం తక్కువగా ఉన్నట్లు 2007లో తేలింది. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం వారి ఆయుర్దాయం, చేయించుకోని స్థూలకాయుల కంటే సుమారు మూడేళ్లు పెరిగింది. అయినా సాధారణ ప్రజల ఆయుర్దాయాన్ని అందుకోలేదు. అంటే ఇది మేలు చేసే చికిత్సే గానీ మంత్రదండం కాదు.

మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపై ఏటా ఒకసారి రక్తపరీక్షలు తప్పనిసరి. బరువు తగ్గి, ఒళ్లు తేలికై, మెట్లు అలవోకగా ఎక్కగలిగిన రోజున చాలామంది ఈ పరీక్షలు మానేస్తారు. సరిగ్గా అక్కడే పొరపాటు జరుగుతుంది. కుట్లు పది రోజుల్లో మానతాయి. జాగ్రత్త మాత్రం ఏనాడూ మానరాదు.