ఆటిజమును గూర్చిన అపోహలు



నల్లగొండ, సూర్యాపేట దారుల బస్సులు హైదరాబాదున ఎల్బీ నగరు కూడలికి జేరును. వైద్యమునకై అచట దిగువారిలో మాటరాని పసివారిని జంకనిడుకొన్న తల్లులును గలరు. బిడ్డ పిలిచిన పలుకడు, కన్నులలోనికి జూడడు, బొమ్మబండిని నడపక దాని చక్రమునే గంటలకొలది త్రిప్పుచుండును. వైద్యుడు పరీక్షించి ఆటిజమనును. ఇల్లు చేరగనే 'ఇది యెవరి దోష'మను ప్రశ్న పుట్టును. అందులకు తీర్పు చెప్పువారము ముసలివారమైన మనమే గదా!

ఈ స్థితిని 1943లో లియో కానర్ అను వైద్యుడు అమెరికాలో పదునొకండుగురు పిల్లలయందు వర్ణించెను. అటుపిమ్మట కొందఱు విద్వాంసులు తల్లి ప్రేమలేమియే హేతువని చాటి, ఎందఱో తల్లులను గుమిలిపోవ జేసిరి. 1977లో ఆంగ్లదేశమున కవలలను పరిశీలించిరి. ఏకరూప కవలల 11 జంటలలో 4 జంటలయందు ఇరువురికిని ఆటిజముండెను; భిన్నరూప కవలల 10 జంటలలో ఒక్కదానియందును అట్లు లేదు. పెంపకము ఇరుతెగలకును సమానమే. కావున దీని మూలము ప్రధానముగా జన్మతః మెదడు ఎదిగిన తీరునందున్నది. కోడలి యుద్యోగమును, గ్రహణమును, పెద్దల శాపమును కారణములు కావు.

టీకాపై నింద వేఱొకటి. కాకి వ్రాలినంత తాటిపండు రాలెను; కాకి దానిని రాల్చలేదు. కాకతాళీయన్యాయ మిదియే. తట్టు టీకా రెండవ మోతాదు 16-24 నెలల నడుమ వేయుదురు. మాటరాని లోపము తల్లిదండ్రులకు దెలియవచ్చునదియు నా యీడుననే. 1998లో వేక్‌ఫీల్డ్ అను వైద్యుడు పండ్రెండుగురు పిల్లలను జూపి టీకాపై అనుమానము రేపెను. 2010లో లాన్సెట్ పత్రిక ఆ వ్యాసమును రద్దుచేసెను. ఆ యేటనే ఆయన పేరు వైద్యుల పట్టికనుండి తొలగింపబడెను. డెన్మార్కున 6,57,461 మంది శిశువులను పరిశీలించి 2019లో వెల్లడించిన ఫలితమందు, టీకా పొందినవారికి ఆటిజము హెచ్చుగా లేదు. టీకా మానిన బిడ్డకు తట్టు సోకిన ప్రాణమునకే ముప్పు.

చికిత్సలమాట. ఎకరము తెగనమ్మి మూలకణముల సూది వేయింపదలచువారు గలరు. దానిని ఆటిజమునకు చికిత్సగా వాడదగదని జాతీయ వైద్య కమిషను 2022లో తెలిపెను. దేహమందలి పాదరసమును దీయుదుమని నరములోనికి మందెక్కించుట మఱింత ఘోరము. 2005లో అమెరికాలో ఐదేండ్ల బాలుడు దానివలన మరణించెను. పాలు, గోధుమ మాన్పించినంత ఆటిజము తగ్గునని నిరూపణ కాలేదు. బదులు ఆహారమీయక పాలు మాన్పిన ఎముకలు చెడును. ఆటిజమును మాన్పు మందు నేటికిని లేదు. కొందఱికి కోపోద్రేకమును దగ్గించు మందులున్నవి, అంతియే.

పనికివచ్చునది శిక్షణ. ముందుగా చెవులు పరీక్షింపించవలెను, వినబడని బిడ్డయు పలుకడు గనుక. సికింద్రాబాదు బోయినపల్లిలోని మనోవికాస్ నగరున 1984లో నెలకొల్పిన కేంద్రప్రభుత్వ సంస్థ యున్నది. ఎల్బీ నగరున దిగినవారు పట్టణమును దాటి పోవలసియుండును, అయినను పోదగినదే. 2016 నాటి చట్టము ఆటిజమును వైకల్యములలో జేర్చినది కావున ధ్రువపత్రము తీసికొనుటకు సిగ్గుపడనక్కఱలేదు. అచట నేర్పినదానిని ఇంట నిత్యము చేయింపవలెను. బిడ్డ నీటిచెంబువైపు చేయి లాగినపుడు వెంటనే ఈయక, 'నీళ్లు' అని చెప్పి, ఒకింత తాళి, వాడు పెదవి కదపినను, వ్రేలు చూపినను అపుడీయవలెను. తీరిక గల తాతలకును అవ్వలకును ఈ పని చక్కగా అమరును.